పాలు మానేసినా పస తగ్గని పళ్లెం

కడప జిల్లా వంట అనగానే బయటి ఊళ్ల వాళ్లకు గుర్తొచ్చేది రాగి సంగటి, దాని పక్కన నాటుకోడి పులుసు. అందులో తప్పేమీ లేదు. 2014లో కేంద్రం చేయించిన నమూనా నమోదు సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పదిహేనేళ్లు దాటిన వాళ్లలో మాంసాహారులు 98 శాతానికి పైగా ఉన్నట్టు తేలింది. అలాంటి రాష్ట్రంలో, జమ్మలమడుగు పక్కన పెన్నా నది మీది జలాశయంతో పేరొచ్చిన మైలవరంలో (ఎన్టీఆర్ జిల్లా మైలవరం కాదు) ఎవరైనా కోడి, పొట్టేలుతో పాటు పాలు, పెరుగు, నెయ్యి కూడా వద్దంటే ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: ‘మరి ఏం తింటావురా?’

ప్రశ్న న్యాయమైనదే. ఎందుకంటే మనకు శాకాహారం తెలుసు గానీ వీగన్ వంట అనేది వేరే లెక్క. 1944లో ఇంగ్లండ్‌లో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు కలిసి సంఘం పెట్టుకుని ఆ పేరు తెచ్చారు. జంతువు నుంచి వచ్చేది ఏదీ తినకపోవడం దాని నియమం. తేనె కూడా కూడదు. మన శాకాహార ఇళ్లలో పప్పు మీద నెయ్యి పడకపోతే పప్పే కాదు, మజ్జిగ లేకుండా భోజనం ముగియదు. గుడి ప్రసాదం నేతిలో తేలుతుంది. కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు దగ్గర బస్సు ఆగితే పాలకోవా కొనకుండా కదిలేవాళ్లు తక్కువ. కాబట్టి, మాది శాకాహార కుటుంబమే, వీగన్ కావడం ఎంతసేపు అనుకునేవాళ్లకే ముందుగా కష్టం వస్తుంది.

ఫోన్ తీసి వెతికితే బాదం పాలు, టోఫు, జీడిపప్పుతో చేసిన చీజు, అవకాడో కనిపిస్తాయి. ప్రొద్దుటూరు దాకా పోతే వాటిలో కొన్ని దొరకొచ్చు, డబ్బు కూడా గట్టిగానే పోతుంది. ఈ వంట అక్కడ మొదలుపెట్టిన వాళ్లు చాలామంది నెల తిరక్కముందే మానేస్తారని నా గట్టి నమ్మకం. నోటికి అలవాటు లేని రుచి, చేతికి అలవాటు లేని సరుకు, పైగా ఖర్చు. మూడూ కలిస్తే ఎవరు నిలబడతారు?

మైలవరం, పెద్దముడియం, జమ్మలమడుగు చుట్టూ ఉన్న నల్లరేగడి చేలల్లోకి పోతే ఇంకో దారి కనబడుతుంది. ఈ మెట్ట రైతుల ఇళ్లలో, కూలోళ్ల ఇళ్లలో రోజువారీ తిండి చాలావరకు మొక్కల నుంచి వచ్చిందే. సంగటి, ఊరిబిండి, జొన్నరొట్టె, పుల్లగూర, పచ్చిపులుసు, బ్యాళ్ల పప్పు, అలసంద వడలు. దాన్ని ఆదర్శంగా చూపించి మురిసిపోవడం నాకు ఇష్టం లేదు. ఎనుము ఇంట్లో ఉన్నా పాలు అమ్ముకోవాల్సి వచ్చింది కాబట్టి ఆ పళ్లెంలో పాలు లేవు. మాంసం పండక్కో జాతరకో వచ్చేది. పేదరికం అలా వండించింది. అయితే తక్కువ సరుకుతో రుచి పుట్టించడం ఎలాగో ఆ చేతులకు వచ్చినంతగా బాదం పాల వాళ్లకు రాలేదు.

శనగాకునే తీసుకోండి. ఈ ప్రాంతంలో రబీలో బుడ్డశనగ వేస్తారు. అక్టోబరు, నవంబరుల్లో నేలలో మిగిలిన పదును మీద విత్తితే మంచు తాగి పెరుగుతుంది. మొక్క లేతగా ఉన్నప్పుడు కొసలు తుంచితే పక్క కొమ్మలు ఎక్కువగా వస్తాయి, కాయ పెరుగుతుంది. తుంచిన చిగుళ్లు కూరకు వస్తాయి. శనగాకు మీద సహజంగానే పులుపు ఊరుతుంది, పొద్దున్నే చేలో నడిస్తే కాళ్లకు చురుక్కుమంటుంది. అందుకే ఈ ఆకును కందిపప్పుతో ఉడికిస్తే చింతపండు అక్కర్లేదు, వేసినా రోంత చాలు. తెల్లగడ్డ, ఎండుమిరప, చెనక్కాయ (వేరుశనగ) నూనెతో తాలింపు పెడితే నెయ్యి ఏదని ఎవరూ అడగరు. కొత్తగా వీగన్ వంట నేర్చుకునే వాళ్లకు ఇంతకంటే మంచి మొదటి పాఠం నాకు తోచదు. పులుపు, కమ్మదనం, బరువు మూడూ పప్పు గిన్నెలోనే ఉన్నాయి.

కిటుకంతా ఆ మూడింటిలోనే ఉంది. పాలూ నెయ్యీ వంటకు చేసే పని చూస్తే నెయ్యి కమ్మదనం ఇస్తుంది, పెరుగు పులుపు ఇస్తుంది, మీగడ చిక్కదనం ఇస్తుంది. ఒక్కొక్కదానికి బదులు మన వంటింట్లో ఎప్పటి నుంచో ఉంది. కమ్మదనానికి గానుగ చెనక్కాయ నూనె, నువ్వుల నూనె. వేడి అన్నంలో పప్పుల పొడి వేసుకుని పైన పచ్చి చెనక్కాయ నూనె పోసుకునే అలవాటు రాయలసీమలో ఇంకా పోలేదు. పులుపుకు చింతపండు, మామిడికాయ, గోగాకు, చింతచిగురు. చిక్కదనానికి వేయించిన చెనిగ్గింజలు, నువ్వులు, పుట్నాల పొడి, కొబ్బరి. గుత్తివంకాయ మసాలా కూడా, హైదరాబాదు ఇళ్లలో చేసే బగారా బైంగన్ కూడా ఈ సూత్రం మీదే నిలబడ్డాయి. రెండింటిలోనూ చుక్క పాలు లేవు, అయినా విందు వంటలే. వండింది ఏదో వెలితిగా ఉందనిపిస్తే పాలు లేవని కంగారు పడొద్దు. చాలాసార్లు ఉప్పు చాలదు, పులుపు చాలదు, లేదా గింజ సరిగా వేగలేదు.

వేయించడం దగ్గరే ఎక్కువమంది తప్పిపోతారు. ఊరిబిండికి చెనిగ్గింజల్ని సన్నమంట మీద, కదుపుతూ, ఓపికగా వేయించాలి. పొట్టు వేళ్ల మధ్య నలిపితే ఊడాలి, గింజ కొరికితే పచ్చివాసన రాకూడదు. పెద్దమంట మీద పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది, ఎంత కారం వేసినా ఆ పచ్చితనం దాగదు. తర్వాత పూర్తిగా చల్లారనివ్వాలి. వేడి మీద దంచితే నూనె వదిలి ముద్దయిపోతుంది. మిరపకాయలు, ఉప్పు, నానిన చింతపండు ముందు నూరి, గింజలు తర్వాత వేసి కచ్చాపచ్చాగా దంచి, తెల్లగడ్డ చివర్లో వేస్తే దాని ఘాటు నిలుస్తుంది. ఎర్రగడ్డ ముక్కలు ఆఖరుకు కలిపి ఒక్క దెబ్బ వేస్తే చాలు. రోలు లేకపోతే మిక్సీ, కానీ ఆపి ఆపి తిప్పాలి. మిక్సీలో మెత్తగా తిప్పేసిన ఊరిబిండి దోశ చట్నీ అవుతుంది, సంగటికి పనికిరాదు.

మన ఊరిబిండి తాతల నాటి వంట అని గొప్పగా చెప్పుకుంటాం. కానీ చెనక్కాయ, మిరప రెండూ అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు ఓడల కాలంలో మనకు చేరాయి. సంగటిలోని రాగి వేల ఏళ్ల కిందట తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చింది. చింతచెట్టు పుట్టిల్లు కూడా ఆఫ్రికాయే. కాబట్టి సోయా కొత్తది, టోఫు మనది కాదు అని దూరం పెట్టడానికి పెద్ద కారణం లేదు. టోఫు దొరికితే పచ్చిమిరప, ధనియాలు వేసి వేపుడు చేసుకోండి. దాని మీదే ఆధారపడొద్దు, అంతే.

సరే, మంచి వంటకాలు దొరికేది ఎక్కడ? పుస్తకాలంటే మాలతీ చందూర్ ‘వంటలు – పిండివంటలు’ ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉంటుంది. మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి కుమార్తె సుభద్ర వంటల మీద వచ్చిన ‘కుకింగ్ ఎట్ హోమ్ విత్ పెదత్త’ 2006లో శాకాహార వంటల విభాగంలో గూర్మాండ్ అంతర్జాతీయ పురస్కారం అందుకుంది. రెండూ వీగన్ పుస్తకాలు కావు. కానీ వాటిలో పచ్చళ్లు, పొడులు, పులుసులు ఏరుకుంటే, తాలింపులో నెయ్యి బదులు నూనె పోస్తే, నెలకు సరిపడా వంటలు వస్తాయి. వీడియోల్లో మంచి వంటకాన్ని గుర్తుపట్టడానికి నేను చూసేది ఒక్కటే. మంట ఎంత ఉండాలో, ఏ రంగు వచ్చేదాకా వేయించాలో, వాసన ఎలా మారుతుందో చెప్పారా లేదా? ‘బాగా వేగాక’ అని చెప్పి ముందుకు పోయేవాళ్లను వదిలేయండి.

అన్నిటికంటే మంచి పుస్తకం ఇంట్లో పెద్దామె. చిక్కేమిటంటే ఆమె లెక్కంతా ‘రోంత’తోనే నడుస్తుంది. రోంత ఉప్పు, రోంత బెల్లం, చూసుకుని నీళ్లు. ఎంత అంటే ఆమె కూడా చెప్పలేదు, చెయ్యి చెబుతుంది. దానికో ఉపాయం ఉంది. ఆమె వంట మొదలుపెట్టే ముందు ఉప్పు డబ్బా, కారం డబ్బా, నూనె సీసా తూచి పెట్టుకోండి, అయ్యాక మళ్లీ తూచండి. తేడా రాసుకుంటే ఆమె చేతి కొలత కాగితం మీదికి వస్తుంది. ఆ తర్వాత మీరు అదే వంటను మళ్లీ మళ్లీ చేయండి, ప్రతిసారీ ఒక్కదాన్నే మార్చండి. ఒకేసారి పులుపూ, మంటా, నూనెరకమూ మార్చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. రోజుకో కొత్త వంట వెతికేవాళ్ల కంటే నాలుగు వంటల్ని అరగదీసిన వాళ్ల చేతికే రుచి తొందరగా వస్తుంది.

ఈ నేల నుంచి వెళ్లి ఈ తిండిని దేశమంతా మాట్లాడుకునేలా చేసిన మనిషి ఖాదర్ వలీ. పుట్టింది ప్రొద్దుటూరులో, స్థిరపడింది మైసూరులో. 2023లో పద్మశ్రీ వచ్చింది. కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఊదలు, అరికెలు తినమని, గంటల తరబడి నానబెట్టి వండుకోమని, పశువుల పాలకు బదులు నువ్వుల పాలు, కొబ్బరి పాలు తీసుకోమని ఊరూరా తిరిగి చెప్పారు. జబ్బుల మీద ఆయన చెప్పే మాటల్ని డాక్టరు సలహాకు బదులుగా తీసుకోకూడదన్నది నా అభిప్రాయం. వంటింటి పాఠాలు మాత్రం గట్టివి. కొర్రన్నం గొంతు దిగదనేవాళ్లు చాలావరకు నానబెట్టకుండా వండినవాళ్లే.

మిగిలింది పెరుగు. వీగన్ వంటలో తెలుగువాళ్లను ఓడించేది అదే. చెనిగ్గింజలు రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, మూడు నాలుగింతల నీళ్లతో మెత్తగా రుబ్బి బట్టలో వడకట్టాలి. ఆ పాలను కలియబెడుతూ పచ్చివాసన పోయేదాకా కాచి, గోరువెచ్చగా చల్లార్చి, పది పన్నెండు మిరపకాయ తొడిమలు వేసి మూతపెట్టాలి. మన ఎండలకు రాత్రికి రాత్రే తోడుకుంటుంది. మొదటి తోడు పల్చగా ఉంటుంది, దాన్నే రెండో తడవకు తోడుగా వేస్తే గట్టిపడుతుంది. పుల్లటి వాసన కాకుండా చెడువాసన వస్తే పారబోయండి. ఉన్నమాట చెప్పాలి కదా, ఉత్త అన్నంలో కలుపుకుంటే అది ఎనుము పెరుగు కాదు. అల్లం, ఆవాలు, కరివేపాకు తాలింపు పెట్టి మజ్జిగ పులుసు చేస్తే, రాగి అంబలిలో ఎర్రగడ్డతో కలుపుకుంటే బాగుంటుంది.

ఆరోగ్యం సంగతి రెండు మాటల్లో. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల్లో 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 360 మిల్లీగ్రాముల పైచిలుకు, అంతే బరువు పాలలో దాదాపు 120. రాగి నుంచి ఒంటికి పట్టేది కొంత తక్కువే అయినా సంగటి, నువ్వులు రోజూ తినేవాళ్లకు దిగులు అక్కర్లేదు. విటమిన్ బి12 మాత్రం మొక్కల తిండిలో నమ్ముకోదగినంత దొరకదు. వీగన్ తిండి తినే ప్రతి ఒక్కరూ డాక్టరును అడిగి మాత్ర వేసుకోవాల్సిందే. గర్భిణులు, పసిపిల్లల తల్లులు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. భోజనం కాగానే టీ తాగితే ఆకుకూరల్లోని ఇనుము సరిగా పట్టదు, నిమ్మకాయ పిండుకుంటే మేలు. బిస్కెట్లు, బ్రెడ్డు కొనేటప్పుడు వెనక వైపు చదవండి, పాలపొడి ఎక్కడైనా ఉండొచ్చు. 2022 నుంచి వీగన్ ఆహారానికి మన దేశంలో ప్రత్యేక నిబంధనలు, ప్యాకెట్ల మీద వేరే గుర్తు వచ్చాయి.

మొత్తం ఒకేసారి మానేయమని నేను చెప్పను. మన దగ్గర చాలా ఇళ్లలో శనివారం నీచు ముట్టరు. ఆ ఒక్క రోజు పాలు, నెయ్యి కూడా పక్కన పెట్టి చూడండి. పొద్దున బొరుగుల ఉగ్గాని, మధ్యాహ్నం సంగటి, ఊరిబిండి, పుల్లగూర, రాత్రికి కారం దోశ. హోటల్లో అయితే నూనెతో కాల్చమని ముందే చెప్పాలి. పండక్కి ఓళిగలు చేసినా పైన నెయ్యి లేకపోతే అవీ ఈ లెక్కలోకే వస్తాయి. శనగాకు పప్పు చేసుకోవాలంటే మాత్రం చలికాలం దాకా ఆగాలి. చేనుకు శనగపచ్చ పురుగు మందు కొట్టారో లేదో రైతును అడిగి, ఆయన సరేనన్నాకే కోసుకోండి.