గురామి బేరంలో ఆడసరుకు, మగసరుకు

విజయనగరం : జీడిపప్పు బేరం చేసే వర్తకుడు గుండు లెక్క తెలియకుండా డబ్బాకు ధర కట్టడు. పౌనుకు 300 నుంచి 320 గుండ్లు తూగే సరుకు వేరు, 240 లోపు తూగే సరుకు వేరు. గోగునార కొనేవారు కట్ట విప్పి పీచు లాగి చూడందే కాటా ఎక్కించరు. చింతపండుకైతే పిక్క తీసినదా కాదా అన్నది మొదటి ప్రశ్న. ఇంత జాగ్రత్తపరులైన మన వర్తకులే రంగుచేపల దగ్గరికి వచ్చేసరికి కంటికి నచ్చినది కొనేస్తున్నారు. గల్లాపెట్టె పక్కన అక్వేరియం పెట్టుకునేవారి సంగతి అలా ఉంచితే, పెట్టెల లెక్కన తెప్పించి చిల్లరకు అమ్మేవారు కూడా గురామి సరుకులో గ్రేడు అడగడం లేదు. తరుగు అక్కడే వస్తున్నది. ఆ గ్రేడు మరేమీ కాదు, చేప ఆడదా మగదా అన్నదే.

ఈ విలేఖరి కూడా ఒకప్పుడు ఈ పాఠానికి డబ్బు కట్టినవాడే. రెండడుగుల తొట్టిలోకి ఎర్రచారల చిన్న గురామిలు 4 తెచ్చి వదలడం జరిగింది. నాలుగూ ఒకదాన్ని మించి ఒకటి రంగు. వారం తిరగకుండా ఒకటి మూలకు చేరింది, మరొకదాని తోక చిరిగింది. నెలాఖరుకు తొట్టిలో ఒక్కటే మిగిలింది. అది మాత్రం నిగనిగలాడుతూ తొట్టి అంతా తనదే అన్నట్టు తిరిగేది. వెళ్లి అడిగితే కొట్లో కుర్రాడు, "నాలుగూ మగవే కదా బాబూ, కొట్టుకోవా ఏటి? ఆడవి మేం తేం. రంగు లేని చేపని ఎవరు కొంటారు సెప్పండి" అన్నాడు. నిజమే చెప్పాడు. కాని ఆ నిజం అమ్మినప్పుడు చెప్పి ఉంటే బాగుండేది.

ఈ మాటలోనే వ్యాపారమంతా ఉన్నది. చిన్న గురామి, మన కొట్లలో డ్వార్ఫ్ గురామి అని అమ్మేది, గంగ, బ్రహ్మపుత్ర పరీవాహకంలోని చేప. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల మీద వెలువరించిన గ్రంథంలో దీన్ని వర్ణించాడు. మగదానికి నీలి ఒంటిమీద ఏటవాలుగా ఎర్రచారలు, ఆడదానికి బూడిద కలిసిన వెండి రంగు. కొనేవాడి వేలు ఎర్రచారల మీదికే పోతుంది. అందుచేత చిల్లర కొట్టు మగవాటినే కోరుతున్నది, టోకు వర్తకుడు మగవాటినే పంపుతున్నాడు. ఆడసరుకు పెంపకం తొట్లలోనే ఉండిపోతున్నది. ఈ జాతిలో మగది తనకంటూ నీటిపైన కొంత చోటు గీసుకుని, నోటితో బుడగలు ఊది గూడు కట్టి, అక్కడికి వచ్చిన మరో మగదాన్ని తరిమేస్తుంది. చెరువులో అయితే ఓడినది పారిపోతుంది. అద్దాల తొట్టిలో ఎక్కడికి పోతుంది?

గ్రేడు కట్టడానికి పెద్ద చదువు అక్కరలేదు, వీపు మీది రెక్క చూస్తే చాలు. గురామి జాతుల్లో చాలావాటికి మగదాని వీపురెక్క వెనక్కు సాగి కొసతేలి ఉంటుంది, ఆడదానిది పొట్టిగా గుండ్రంగా ముగుస్తుంది. నీలం గురామి, బంగారు గురామి, ఓపలైన్ అని మూడు పేర్లతో అమ్ముడుపోయేవి నిజానికి ఒక్క జాతివే. ఒంటిమీద రెండు చుక్కలు, కన్ను మూడోది, అందుకే మూడుచుక్కల గురామి అంటారు. వీటిలో ఆడా మగా ఒకే రంగు కనుక రెక్క తప్ప వేరే ఆధారం లేదు. ముత్యాల గురామిలో రెక్కతోబాటు మగదాని గొంతు, రొమ్ము నారింజ ఎరుపుకు తిరుగుతాయి. తేనె గురామి దగ్గర కొత్తవారు మోసపోతారు. మామూలు రోజుల్లో ఆడా మగా రెండూ వెలిసిన తేనె రంగులోనే ఉంటాయి. ఆడదానికి ఒంటి పొడవునా గోధుమరంగు గీత ఒకటి కనబడుతుంది. మగది జోడు కట్టే వేళకు పసుపు నారింజ రంగు తేలి, గొంతు నుంచి పొట్ట దాకా నల్లబడుతుంది. కొట్లో వెలవెలబోతూ కనిపించే ఈ చేపను ఓపిక గల కొనుగోలుదారుకు చెప్పి అమ్మవచ్చు, అందరిలోకి సాధువు కూడా ఇదే.

ముద్దు గురామికి మాత్రం ఏ గ్రేడూ పనిచేయదు. పైకి చూసి ఆడా మగా చెప్పడం సాధ్యం కాదు. జంట అని చెప్పి ఎక్కువ ధర అడిగేవారిని నమ్మవద్దు. మూతులు కలపడం కూడా ముద్దు కాదు, బలాబలాలు తేల్చుకోవడం. పైగా అడుగు పొడవు పెరిగే చేప, రెండడుగుల తొట్టికి తగినది కాదు.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. అంగుళం కూడా లేని పిల్లసరుకులో రెక్క ఇంకా తేలదు. అటువంటి పెట్టెకు "జంటలు" అని ధర కడితే అది ఊహకు కట్టిన ధరే. రెండోది రంగు మందు. ఎర్రగా కనబడడానికి హార్మోను పెట్టిన సరుకు ఈ వ్యాపారంలో కొత్త కాదు. మందు పెడితే ఆడది కూడా రంగు తేలుతుంది, కొన్ని వారాలకు ఆ రంగు వెలిసిపోతుంది. రంగు ఒకటి చెబుతూ రెక్క మరొకటి చెబితే రెక్కనే నమ్మాలి.

కలిపి ఉంచడం విషయానికి వస్తే, రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు తొట్టికి నీరు 50 లీటర్ల పైచిలుకు పడుతుంది. అందులో చిన్న గురామి మగది 1, ఆడవి 2 లేదా 3. అంతే. ఒక్క ఆడదాన్నే వదిలితే మగది దాన్నే పొద్దస్తమానం తరుముతుంది, 2 లేదా 3 ఉంటే ఆ తాకిడి పంచుకుంటాయి. మూడుచుక్కల గురామికి కనీసం మూడడుగుల తొట్టి కావాలి, ఇది మిగతావాటికంటె కోపిష్టి. తొట్టిలో రాళ్లు, నాచు ఒత్తుగా పెట్టి ఒకదానికొకటి కనబడకుండా చేయడం, పైన అంతరతామర వంటి తేలే మొక్క నాలుగు వదలడం అలంకారం కోసం కాదు. ఓడిన చేప దాగడానికి, గూడు నిలవడానికి అవి ఉండాలి. ఫైటర్ చేప ఈ కుటుంబంలోదే, దాన్ని పక్కన వేస్తే రోజూ పేచీయే. టైగర్ బార్బులు గురామి పొట్టకింది దారాల వంటి రెక్కల్ని కొరికేస్తాయి. గురామి ఆ దారాలతోనే ముందున్నదాన్ని తడిమి తెలుసుకుంటుంది, అవి పోతే తిండి దగ్గరకూ రాలేదు.

కొట్టు పెట్టినవారికి లెక్క ఇలా తేలుతుంది. నాలుగు మగవాటిని అమ్మితే ఈ రోజు గల్లాలో నాలిగింటి ధర పడుతుంది. నెల తర్వాత ఆ ఇంటివారు ఖాళీ తొట్టిని అటక ఎక్కించి మళ్లీ కొట్టు ముఖం చూడరు. ఒక మగది, రెండు ఆడవి ఇచ్చినవాడికి ఈ రోజు అమ్మకం తక్కువే. కాని చేప బాగా ఉంటే మూడు నాలుగేళ్లు బతుకుతుంది. అన్నాళ్లూ మేత, నాచు, మందు, గొట్టం అన్నీ ఆ కొట్టునుంచే పోతాయి. రంగులేని ఆడచేపను ఊరికే ఇచ్చినా నష్టం లేదని ఈ విలేఖరి అభిప్రాయం.

మన రెండు జిల్లాలకు సరుకు అటు కలకత్తా నుంచి, ఇటు చెన్నై నుంచి వస్తుంది. కలకత్తాలో బాగ్‌బజార్ గాలిఫ్ స్ట్రీట్ ఆదివారపు సంత, చెన్నైలో కొళత్తూరు ఈ బేరానికి పేరున్న చోట్లు. హౌరా, 24 పరగణాల పల్లెల్లో చెరువుల గట్లమీద రంగుచేపల పెంపకం ఇంటిపరిశ్రమగా ఉన్నది. మన చెరువులకూ గురామి పరాయిది కాదు. చారల గురామి, బెంగాలీలు ఖలిసా అనేది, కోరమాండల్ తీరంలో కృష్ణ దాకా ఉన్న చేప. శ్రీకాకుళం, విజయనగరం ఆ హద్దులోనే ఉన్నాయి. వలలో పడితే మనవాళ్లు చిల్లర చేపల్లో కలిపేస్తారు.

బయటి సరుకు దింపుకునేవారు రోగం మాట మరువకూడదు. చిన్న గురామికి ఇరిడోవైరస్ అనే జబ్బు ఉన్నది. రంగు వెలిసి, కడుపు ఉబ్బి, ఒంటిమీద పుళ్లు లేచి చనిపోతుంది, మందు లేదు. 2003లో ఆస్ట్రేలియాలో పెంపకపు ముర్రే కాడ్ చేపలు పెద్ద ఎత్తున చనిపోయాయి. ఆ వైరస్‌కు, ఆసియా నుంచి పోయే గురామి వ్యాపారానికి సంబంధం ఉన్నట్టు 2006లో వెలువడిన పరిశోధన సూచించింది. కొత్త పెట్టెను పాత తొట్లలో కలపకుండా కనీసం రెండు వారాలు వేరే ఉంచి, వేరే వలతో పట్టాలి. ఆ రెండు వారాల్లోనే రెక్క చూసి ఆడా మగా విడగొట్టవచ్చు, కూలి ఒకటే.

చలికాలపు సరుకుకు మరో సంగతి. గురామి నీటిలోని గాలితో సరిపెట్టుకోదు, పైకి వచ్చి బయటి గాలి మింగుతుంది. సంచిలో పైన ఖాళీ ఉంచకుండా నీరు నింపితే ఊపిరాడక పోతుంది. 24 నుంచి 28 డిగ్రీల నీరు దీనికి సుఖం. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఆమదాలవలస ప్లాట్‌ఫారం మీద గంటల తరబడి పెట్టె పడివుంటే ఆ వేడి నిలవదు. తొట్టికి కూడా మూత ఉండాలి, మూత కింది గాలి వెచ్చగా ఉంటేనే అది మింగే గాలి దానికి పడుతుంది. ఈ నెలల్లో తెప్పించేవారు పగటిపూట దిగే బండికి ఆర్డరు ఇచ్చి, థర్మోకోల్ పెట్టె అడగడం మంచిది. ఆడవి ఒక సంచిలో, మగవి ఒక్కొక్కటి చిన్న సంచిలో కట్టించుకోవాలి. ప్యాకింగు కూలి కొద్దిగా పెరుగుతుంది. ఆర్డరు చీటీలో "1కి 2, రెక్క చూసి" అని రాసి పంపితే తెలిసిన టోకు వర్తకుడు అర్థం చేసుకుంటాడు. కుదరదన్నవాడి దగ్గర ముద్దు గురామి తప్ప మరే గురామికీ జంట ధర ఒప్పుకోనక్కరలేదు. ముద్దు గురామికైతే ఎవరి దగ్గరా ఒప్పుకోనక్కరలేదు.