సాయంత్రం ఎండలో వరిచేను చూసి యూరియా చల్లకండి

నాట్లు వేసిన మూడు నాలుగు వారాలకు, పొద్దు వాలే వేళ మీరు గట్టు మీద నిలబడి చూస్తారు. చేను పాలిపోయినట్టు ఉంటుంది. మనసు ఆగదు. తెల్లారేసరికి ఒక బస్తా యూరియా మడిలో పడుతుంది. అదే చేనును పొద్దున ఎనిమిదింటికి చూసి ఉంటే నిగనిగలాడుతూ కనిపించేదేమో!

ఇందులో మీ కంటి తప్పు లేదు, వెలుతురు అలాంటిది. వరి ఆకు ఎరుపు, నీలం వెలుగులను పీల్చుకుని ఆకుపచ్చను ఎక్కువగా వెనక్కి పంపుతుంది. సాయంత్రం ఎండ గాలిలో ఎక్కువ దూరం వచ్చేసరికి నీలం దారిలోనే చెదిరిపోయి, పసుపు, ఎరుపు మిగులుతాయి. ఆ ఎండ పడితే మంచి ఆకు కూడా పసుపు తిరిగినట్టే ఉంటుంది. నిలబడే చోటూ ముఖ్యమే. సూర్యుడికి ఎదురుగా చూస్తే ఆకు లేతగా, వీపు ఎండకు పెట్టి చూస్తే ముదురుగా కనిపిస్తుంది. నమ్మకం లేకపోతే మడి చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. పైగా మన వాడుకలో 'పచ్చబడింది' అంటే పసుపో ఆకుపచ్చో తేలదాయె!

45 కిలోల బస్తాలో 20 కిలోలకు పైగా నత్రజని ఉంటుంది. అక్కర్లేకుండా వేస్తే డబ్బు పోవడమే కాదు, చేను పడిపోతుంది. అగ్గితెగులు, సుడిదోమ ఎక్కువవుతాయి.

దీనికి ఆకు రంగుల కార్డు ఉంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దీన్ని ప్రచారంలోకి తెచ్చింది. లేత నుంచి ముదురు దాకా ఆకుపచ్చ పట్టీలు ఉంటాయి. ఉదయం 8 నుంచి 10 గంటల మధ్య, ఎండకు వీపు పెట్టి, మీ నీడ కార్డు మీద పడేలా నిలబడండి. పూర్తిగా విచ్చుకున్న పై ఆకును తెంపకుండా, దాని నడిమి భాగాన్ని పట్టీలతో పోల్చండి. అలా పది దుబ్బులు చూడాలి. ప్రతిసారీ ఒకే మనిషి, ఒకే వేళలో చూడాలి. సగానికి మించి ఆకులు మీ రకానికి చెప్పిన అంకె కంటే లేతగా ఉంటేనే యూరియా వేయండి. ఆ అంకె అన్ని రకాలకూ ఒకటి కాదు, వ్యవసాయాధికారిని అడగండి. కార్డు గురించీ అక్కడే వాకబు చేయండి.

వాడిన ఆకును కవర్లో పెట్టి కొట్టుకు తీసుకెళ్లి, ట్యూబ్‌లైటు కింద చూపించి మందు తెచ్చుకోవడం మాత్రం మానాలి. ఇంకో సంగతి. నత్రజని లోపం ముందు ముదురాకుల్లో కనబడుతుంది. లేత ఆకులే పాలిపోయి, ముదురాకులు బాగుంటే అది ఇనుప ధాతు లోపం కావచ్చు. యూరియాతో అది తీరదు.