యాప్ మారిస్తే తీరిక దొరుకుతుందా?

ఫోన్‌లో క్యాలెండర్ పెట్టుకోవాలనుకున్నవాళ్లు ముందుగా అడిగేది ‘ఏ యాప్ బాగుంటుంది?’ అనే. స్టార్ రేటింగులు చూస్తారు, రంగులు చూస్తారు, పక్క సీటాయన ఏది వాడుతున్నాడో కనుక్కుంటారు. రెండు నెలలకు అది నచ్చక ఇంకోటి దించుకుంటారు. రోజుకు అరడజను మీటింగులు, పిల్లల ట్యూషన్లు, ఈఎంఐ గడువులు, బంధువుల పెళ్లిళ్లు అన్నీ గుర్తుపెట్టుకోవాల్సినవాళ్లు తేల్చుకోవాల్సిన సంగతులు వేరే ఉన్నాయి. రాసుకున్న తేదీ ఎక్కడ నిల్వ ఉంటోంది? ఎవరెవరికి కనిపిస్తోంది? ఆ క్యాలెండర్ కాలాన్ని ఏ లెక్కన కొలుస్తోంది? అపోహలు ఎక్కువగా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంటాయి.

అపోహ: తేదీలన్నీ యాప్‌లోనే ఉంటాయి. యాప్ తీసేస్తే అవీ పోతాయి.

వాస్తవం: యాప్ వేరు, ఖాతా వేరు. ఏ ఏటీఎంలో తీసినా డబ్బు మన బ్యాంకు ఖాతాలోదే కదా, ఇదీ అంతే. గూగుల్ ఖాతాలో రాసుకున్న తేదీని గూగుల్ యాప్‌లో చూడొచ్చు, శామ్‌సంగ్ ఫోన్‌తో వచ్చే క్యాలెండర్‌లో చూడొచ్చు, ఐఫోన్‌లోనూ చూడొచ్చు. క్యాలెండర్లన్నిటికీ ఐక్యాలెండర్ అనే ఉమ్మడి పద్ధతి ఒకటుంది. 1998లో ఖరారైంది, 2009లో సవరించారు. వెబినార్‌కు పేరిస్తే ఈమెయిల్‌తో పాటు వచ్చే ‘ఐసీఎస్’ ఫైలు ఆ పద్ధతిలో రాసిందే.

ప్రమాదం ఇంకోచోట ఉంది. కొత్త ఈవెంట్ రాసేటప్పుడు తెరమీద చిన్న అక్షరాల్లో ఒక గడి కనిపిస్తుంది. అందులో మీ జీమెయిల్ చిరునామా ఉందా, లేక ‘మై క్యాలెండర్’ అనో ‘ఫోన్’ అనో ఉందా చూడండి. రెండోదైతే ఆ తేదీ ఆ ఫోన్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. ఫోన్ నీళ్లలో పడినా, బస్సులో పోయినా దాంతోపాటే పోతుంది. అనుమానం తీర్చుకోవడం తేలికే. ఫోన్‌లో ఏదో ఒక ఈవెంట్ రాసి, కంప్యూటర్‌లో అదే ఖాతా తెరిచి చూడండి. అక్కడ కనబడితే నిశ్చింత.

ఆఫీసు ఖాతాతోనూ ఇదే తంటా. ఉద్యోగం మానేసిన రోజు సాయంత్రానికే ఖాతా మూసేసే కంపెనీలున్నాయి. పొద్దున్నుంచి రాత్రి దాకా అదే తెరిచి ఉంటుంది కదా అని పాప టీకా తేదీ, ఎల్‌ఐసీ ప్రీమియం గడువు అందులో రాసుకున్నవాళ్లకు ఆ సంగతి ఆ రోజే తెలుస్తుంది. సొంత పనులకు సొంత ఖాతా ఉండాల్సిందే. రెండు ఖాతాలనూ ఒకే యాప్‌లో పక్కపక్కన చూసుకోవడానికి ఏ అడ్డూ లేదు, ఆఫీసు నియమాలు ఒప్పుకుంటే.

అపోహ: డబ్బు కట్టి వాడే యాప్ అయితేనే నమ్మకం.

వాస్తవం: కట్టే డబ్బు ఎక్కువగా సౌకర్యానికే. ‘శుక్రవారం 4కి డెంటిస్టు’ అని ఒక్క వాక్యం టైప్ చేస్తే తేదీ, సమయం తనే విడదీసుకోవడం, చూపు ఆగే డిజైన్, ఎదుటివాళ్లు మన ఖాళీ చూసి టైమ్ బుక్ చేసుకునే పేజీ లాంటివి. అవి అవసరమైనవాళ్లు కట్టొచ్చు, తప్పులేదు. కానీ పేరున్నంత మాత్రాన యాప్ కలకాలం ఉంటుందన్న హామీ లేదు. అందంగా ఉందని ఎంతోమంది మెచ్చుకున్న సన్‌రైజ్ క్యాలెండర్‌ను 2015లో మైక్రోసాఫ్ట్ కొనేసింది, 2016లో మూసేసింది. గూగుల్, ఐక్లౌడ్ ఖాతాలను దానికి కలిపి వాడుకుంటున్నవాళ్లు తేదీలేమీ పోగొట్టుకోలేదు, ఆ అందం తప్ప. మామూలు అవసరాలకైతే ఫోన్‌తో వచ్చిన ఉచిత క్యాలెండరే చాలని నా అభిప్రాయం.

అపోహ: ప్రతి వారం రిపీట్ పెట్టేస్తే ఏడాదంతా అదే టైమ్‌కు వస్తుంది.

వాస్తవం: ఇక్కడున్నవాళ్ల మధ్యనైతే వస్తుంది. అమెరికాతో పని ఉంటేనే చిక్కు. మన గడియారం ఏడాది పొడవునా ఒకటే. అక్కడ మార్చి రెండో ఆదివారం గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. 2026లో ఆ రోజులు మార్చి 8, నవంబరు 1. హైదరాబాద్‌కూ డాలస్‌కూ మధ్య తేడా వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర.

విజయవాడలో కూర్చుని డాలస్ పిల్లలకు ఆన్‌లైన్‌లో కర్ణాటక సంగీతం చెప్పే టీచరుగారిని తీసుకుందాం. ఆవిడ శనివారం ఉదయం 7 గంటలకని మన టైమ్‌లో రిపీట్ పెట్టారు. పిల్లలకు అది శుక్రవారం రాత్రి 8:30. వేసవంతా సాఫీగా సాగింది. నవంబరు రాగానే ఆ ఉదయం 7 అక్కడ సాయంత్రం 7:30 అయిపోతుంది. తల్లిదండ్రులు క్యాలెండర్ చూడకుండా అలవాటు కొద్దీ 8:30కి పిల్లల్ని కూర్చోబెడితే, అప్పటికి టీచరుగారు తంబూర యాప్ కట్టేసి లేచిపోయి ఉంటారు. యాప్ తప్పేమీ లేదు. ఈవెంట్‌ను ఏ ఊరి టైమ్‌లో రాస్తే ఆ ఊరి గడియారమే దానికి ఆధారం. అదే క్లాసును అమెరికా సెంట్రల్ టైమ్‌లో రాసి ఉంటే పిల్లల వేళ మారదు, టీచరుగారికే 7 కాస్తా 8 అవుతుంది. ఎవరు సర్దుకోవాలో ముందే మాట్లాడుకుని, ఆ ప్రకారం టైమ్ జోన్ ఎంచుకోవాలి. గూగుల్ క్యాలెండర్‌లో, ఔట్‌లుక్‌లో, ఐఫోన్‌లో ఈవెంట్‌కు విడిగా టైమ్ జోన్ పెట్టుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ టీముల్లోనూ నవంబరు మొదటివారంలో సగంమంది ముందే వచ్చి ఖాళీ తెర చూస్తూ కూర్చోవడానికి కారణం ఇదే. లండన్ వాళ్లు కూడా కాల్‌లో ఉంటే ఇంకో మెలిక. అక్కడ గడియారం జరిపేది మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాల్లో.

పుట్టినరోజులకు టైమ్ పెట్టకండి, ‘ఆల్ డే’ అని రాయండి. అర్ధరాత్రి 12 నుంచి అని టైమ్ వేసి రాస్తే, మీరు అమెరికా వెళ్లినప్పుడు ఆ పుట్టినరోజు ముందురోజుకు జరిగి కూర్చుంటుంది.

అపోహ: ఏటా రిపీట్ పెడితే పండగలు, తద్దినాలు వాటంతటవే వస్తాయి.

వాస్తవం: తెలుగువాళ్ల ఇళ్లలో ఎక్కువగా తప్పేది ఇక్కడే. పెళ్లిరోజు ఏటా అదే తేదీకి వస్తుంది. నాన్నగారి ఆబ్దికం అలా రాదు, అది తిథిని బట్టి. చాంద్రమాన సంవత్సరం దాదాపు 354 రోజులే కాబట్టి ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. ఆ లోటు పూడ్చడానికి రెండున్నరేళ్లు దాటాక ఒక అధిక మాసం వస్తుంది. ఉగాదినే చూడండి. 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. ఆ ఏడు మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం పడింది కనుక 2027లో ఉగాది మళ్లీ ఏప్రిల్ 7కు వెళ్తుంది. ఇలాంటి నడకను ‘ఎవ్రీ ఇయర్’ అనే మీట పట్టుకోలేదు.

ఊరిని బట్టి కూడా రోజు మారుతుంది. సూర్యుడి నుంచి చంద్రుడు 12 డిగ్రీలు జరిగితే ఒక తిథి. దాని నిడివి ఎప్పుడూ ఒకేలా ఉండదు, సుమారు 19 నుంచి 26 గంటల మధ్య. హైదరాబాద్‌లో ఒక తిథి బుధవారం ఉదయం 8 దాకా ఉందనుకోండి. సూర్యోదయానికి ఉంది కనుక ఉదయ తిథి లెక్కన ఇక్కడ పండగ బుధవారం. ఆ క్షణాన డాలస్‌లో వేసవైతే మంగళవారం రాత్రి 9:30. బుధవారం అక్కడ పొద్దుపొడిచేసరికి ఆ తిథి లేనే లేదు, అందుకని వాళ్లకు మంగళవారమే. పైగా అన్నిటికీ ఉదయ తిథే చూడరు. వినాయక చవితికి మధ్యాహ్నం, తద్దినానికి అపరాహ్ణం, శివరాత్రికి అర్ధరాత్రి చూస్తారు. అత్తగారు వాట్సాప్‌లో పంపిన తేదీని అమెరికాలో ఉన్నవాళ్లు ఉన్నదున్నట్టు రాసుకుంటే ఒకరోజు అటూ ఇటూ అయ్యేది ఇందుకే.

కొన్ని యాప్‌లలో శక క్యాలెండర్ చూపించే సదుపాయం ఉంటుంది. దాన్ని పంచాంగం అనుకోకండి. అది కేంద్ర ప్రభుత్వం 1957 మార్చి 22 నుంచి అమల్లోకి తెచ్చిన జాతీయ క్యాలెండర్, సౌరమానం. తిథి అందులో దొరకదు. ‘హాలిడేస్ ఇన్ ఇండియా’ అని తగిలించుకునే సెలవుల జాబితాను కూడా పూర్తిగా నమ్మలేం. బోనాలకు తెలంగాణలో సెలవు, ఆంధ్రప్రదేశ్‌లో కాదు. రాష్ట్ర ప్రభుత్వం ఏటా ఇచ్చే ఉత్తర్వులే దానికి ప్రమాణం.

చేయగలిగింది ఒకటుంది. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే ఒక పూట కూర్చుని ఆ ఏటి తిథుల తేదీలన్నీ రిపీట్ లేకుండా, ఆల్ డేగా ఎక్కించుకోవాలి. రిమైండరు వారం ముందు పెట్టుకోవాలి, బ్రహ్మగారికి చెప్పాలి కదా. అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఆ క్యాలెండర్ షేర్ చేస్తే ‘ఎప్పుడొచ్చిందిరా ఈసారి?’ అన్న ఫోన్లు తగ్గుతాయి. గోడ మీది వెంకట్రామా క్యాలెండర్‌ను మాత్రం అటకెక్కించకండి. వర్జ్యం, దుర్ముహూర్తం చూడాలన్నా, పాలవాడు నాగా పెట్టిన రోజు గుర్తేయాలన్నా అదే సుఖం.

అపోహ: ‘ప్రతి నెలా 31’ అని పెడితే నెలాఖరుకు గుర్తుచేస్తుంది.

వాస్తవం: ఐక్యాలెండర్ నియమం ప్రకారం నెలలో లేని తేదీని వదిలేయాలి. గూగుల్ క్యాలెండర్‌లో జనవరి 31న మొదలుపెడితే ఆ తర్వాత వచ్చేది మార్చి 31. ఏడాదిలో 31 ఉన్న నెలలు ఏడే. చీటీ డబ్బులు మిగతా ఐదు నెలలు మీరే గుర్తుపెట్టుకోవాలి. ఔట్‌లుక్ మాత్రం చిన్న నెలల్లో ఆఖరి రోజుకు సర్దుకుంటుంది. ఎందుకొచ్చిన గొడవ, 28కి పెట్టేసుకుంటే సరి.

అపోహ: షేర్ చేస్తే మన సంగతులన్నీ బయటపడతాయి.

వాస్తవం: షేర్ చేయడంలోనూ మెట్లున్నాయి. ఎదుటివాళ్లకు మనం ఖాళీగా ఉన్నామా లేదా అన్నది మాత్రమే చూపించవచ్చు, వివరాలూ చూపించవచ్చు, మార్చే హక్కూ ఇవ్వవచ్చు. భార్యాభర్తలకు మూడోది, ఆఫీసు టీముకు మొదటిది సరిపోతుంది. ‘పబ్లిక్’ అన్న గడిలో టిక్ పెడితే మాత్రం లోకమంతా చూడగలదు. ఆఫీసు క్యాలెండర్ కూడా గుట్టుగా ఉంటుందనుకోకండి. అందులో ‘ఇంటర్వ్యూ, వేరే కంపెనీ’ అని రాసి మేనేజరుకు దొరికిపోయేవాళ్లు ఉంటారు. ‘ప్రైవేట్’ అని గుర్తు పెట్టినా సహోద్యోగులకే దాస్తుంది, ఖాతా నడిపే అడ్మిన్లకు దాచదు.

ఐఫోన్ అంటే అన్నీ తాళంలోనే ఉంటాయన్న నమ్మకం కూడా కాస్త సడలించుకోవాలి. ఐక్లౌడ్‌కు ఆపిల్ 2022లో తెచ్చిన అదనపు రక్షణ ఆన్ చేసినా మెయిల్, కాంటాక్టులు, క్యాలెండర్ మాత్రం ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ కిందికి రావు. వేరే కంపెనీల యాప్‌లతో అవి కలిసి పనిచేయాలి కాబట్టి. ఆ స్థాయి గోప్యత కావాలంటే ప్రోటాన్ క్యాలెండర్ లాంటివి చూడాలి. ఎవరు తయారుచేసిన ఏ యాప్‌తోనైనా తెరుచుకునే వెసులుబాటు అప్పుడు వదులుకోవాల్సిందే.

ఐఫోన్ వాడేవాళ్లలో ఇంకో భయం కూడా చూస్తుంటాం. క్యాలెండర్ నిండా ‘మీ ఫోన్‌కు వైరస్ సోకింది’ అన్న ఈవెంట్లు వచ్చేసరికి ఫోన్ హ్యాక్ అయిందనుకుంటారు. అది హ్యాక్ కాదు. ఏదో వెబ్‌సైట్‌లో తెలియక నొక్కిన ఓకేతో తగులుకున్న బయటి క్యాలెండర్. ఈవెంట్లను ఒక్కొక్కటిగా చెరిపితే మళ్లీ వస్తాయి. ఆ క్యాలెండర్ సబ్‌స్క్రిప్షన్‌నే తీసేయాలి. గూగుల్‌లోనైతే ముక్కూమొహం తెలియనివాళ్ల ఆహ్వానాలు నేరుగా ఎక్కకుండా, తెలిసినవారివే వచ్చేలా సెట్టింగ్ మార్చుకోవచ్చు.

అపోహ: రిమైండర్లు ఎన్ని పెడితే అంత మంచిది.

వాస్తవం: రోజుకు నలభైసార్లు మోగే ఫోన్‌ను ఎవరూ చూడరు. ఎన్ని పెట్టారన్నది కాదు, ఎంత ముందు పెట్టారన్నది ముఖ్యం. యాప్ తనంతట పెట్టే పదిహేను నిమిషాలో అరగంటో వీడియో కాల్‌కు చాలు. మియాపూర్‌లో ఉన్న మనిషికి ఎల్‌బీ నగర్‌లో పని ఉంటే ఆ మోత వినేసరికే ఆలస్యం, మెట్రోలో 29 కిలోమీటర్ల దారి. ఇక అసలు మోగకపోతే యాప్‌ను తిట్టే ముందు బ్యాటరీ సేవర్ చూడండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో అది వెనకాల నడిచే యాప్‌లను నిద్రపుచ్చుతుంది. క్యాలెండర్‌కు మినహాయింపు ఇవ్వాలి.

అపోహ: గడులన్నీ నింపేస్తే పనులన్నీ అయిపోతాయి.

వాస్తవం: ఒక పనికి ఎంతసేపు పడుతుందన్న మన అంచనా దాదాపు ఎప్పుడూ తక్కువే. కానెమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే దీనికి ప్లానింగ్ ఫాలసీ అని పేరు పెట్టారు. 1994లో అచ్చయిన ఒక అధ్యయనంలో, థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎప్పటికి ముగిస్తారని అడిగితే చెప్పిన సగటు 34 రోజులు. నిజంగా పట్టింది 55 పైనే. కొత్త యాప్ దించుకున్నవాళ్లు మొదటి వారం రంగురంగుల గడులతో తెరంతా నింపి, రెండో వారానికి విసిగిపోవడం ఇందుకే. గంట అనుకున్న పనికి గంటన్నర గడి గీయండి. మధ్యాహ్నం ఒక గంటకు మీటింగులు రాకుండా ‘బిజీ’ అని మీరే ఒక ఈవెంట్ పెట్టేయండి. వరుస కాల్స్‌తో ఊపిరాడనివాళ్లకు గూగుల్‌లో స్పీడీ మీటింగ్స్ అని ఒక సెట్టింగ్ ఉంది. మీరు కొత్తగా పెట్టే అరగంట మీటింగును 25 నిమిషాలకు, గంటను 50 నిమిషాలకు తనే కుదిస్తుంది. ఔట్‌లుక్‌లోనూ ఇలాంటిది ఉంది. మీటింగు నడిపే పెద్దమనిషి ఆ మిగిలిన ఐదు నిమిషాలు వదులుతాడా అన్నది మాత్రం ఏ యాప్ చేతిలోనూ లేదు.