గడియారం జరిపితే గేదె వింటుందా?

అమెరికాలో ఉన్న పిల్లలతో ఫోనులో మాట్లాడే సభ్యులకు ఈ సంగతి తెలిసినదే. చలికాలంలో మనం పాలు పోసి వచ్చి ఉదయం 6-30కు ఫోను చేస్తే న్యూయార్కులో ముందురోజు రాత్రి 8 గంటలు. మార్చి రెండవ ఆదివారం దాటాక అదే 6-30కు అక్కడ 9 గంటలు. వేసవి కోసం వారు గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుతారు. నవంబరు మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి తిప్పుతారు. మరి మన గడియారం ఏడాది పొడవునా ఎందుకు కదలదు?

కారణం భూమి వాలులో ఉన్నది. భూమి ఇరుసు సుమారు ఇరవై మూడున్నర డిగ్రీలు ఒరిగి ఉండటం వల్ల, భూమధ్యరేఖకు దూరం పోయేకొద్దీ వేసవి పగలు సాగుతుంది, చలికాలపు పగలు కుంచించుకుపోతుంది. న్యూయార్కులో జూన్ నెల పగలు 15 గంటలు, డిసెంబరులో 9 గంటల పైచిలుకు మాత్రమే. గడియారం జరపకపోతే జూన్‌లో అక్కడ తెల్లవారుజామున 4-25కే పొద్దు పొడుస్తుంది. జనం నిద్రలో ఉండగా వృథా అయ్యే ఆ వెలుగును సాయంత్రానికి మళ్లించుకోవడమే ఈ ఏర్పాటు. 1916లో యుద్ధకాలంలో బొగ్గు ఆదా కోసం జర్మనీ దీనిని మొదలుపెట్టగా ఇతర దేశాలు అనుసరించాయి.

మన హైదరాబాదులో జూన్ పగలు 13 గంటల పైచిలుకు, డిసెంబరు పగలు 11 గంటల పైచిలుకు. తేడా రెండు గంటలే. భూమధ్యరేఖ చెంతనున్న సింగపూరులో ఆ తేడా పది నిమిషాలు కూడా ఉండదు. మిగులే లేనప్పుడు పొదుపు ఎక్కడిది? పైగా వేసవి సాయంత్రాలలో మనకు కరువైనది చల్లదనమే గాని వెలుగు కాదు. అందుకే మనం గడియారం ముట్టకుండా పని వేళలనే మార్చుకుంటాము. ఎండాకాలపు ఒంటిపూట బడులు అటువంటివే. అమెరికాలోనే ఉష్ణమండలంలో ఉన్న హవాయి రాష్ట్రం గడియారం జరపదు.

మనమూ ఒకసారి జరిపి చూశాము. రెండవ ప్రపంచ యుద్ధంలో, 1942 నుండి 1945 వరకు, భారత కాలమానాన్ని ఒక గంట ముందుకు నడిపారు. యుద్ధం ముగియగానే మానివేశారు.

ఈ ఏర్పాటు రైతుల కోసమే వచ్చిందని చాలామంది అనుకుంటారు. నిజం అందుకు విరుద్ధం. అమెరికాలో 1918లో ఇది అమలు కాగానే రైతులు ఎదురు తిరిగారు. గడ్డిపై మంచు ఆరేది సూర్యుని బట్టి. కూలీలు ఇంటికి వెళ్లేది గడియారం బట్టి. నడుమ రైతుకు ఒక గంట పని పోయింది. అధ్యక్షుడు విల్సన్ వద్దన్నా 1919లో అక్కడి చట్టసభ దానిని రద్దు చేసింది. తరువాతి కాలంలో అది మళ్లీ వచ్చింది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రం సగానికి పైగా ఉష్ణమండలంలో ఉన్నది. 1992లో అక్కడ ప్రజల ఓటు కోరగా దక్షిణ మూలనున్న నగర ప్రాంతం కావాలన్నది. ఉత్తరాన, పడమరన ఉన్న పల్లెలు వద్దన్నాయి. వద్దన్నవారే నెగ్గారు.

ఇందులో పాడి రైతు నేర్చుకోవలసినది ఒకటున్నది. పశువుకు గడియారం తెలియదు, కాని వేళ తెలుసు. అలవాటైన సమయానికి పొదుగు నిండుతుంది, దాణా చప్పుడు వినగానే గేదె చేపుతుంది. ఒక్కసారిగా గంట ముందు కూర్చుంటే సరిగా చేపకపోవచ్చు. గంట ఆలస్యమైతే పొదుగు బిగుసుకొని బాధపడుతుంది. అందుకే గడియారం జరిపే దేశాలలో చాలామంది పాడి రైతులు రోజుకు పది, పదిహేను నిమిషాల చొప్పున పాలు పితికే వేళను మార్చుకుంటూ వస్తారు.

మనకు గడియారం జరిపే బెడద లేదు. కాని వ్యాను వేళ మారినా, ఋతువును బట్టి సంఘంలో పాల సేకరణ సమయం మారినా పశువుకు వచ్చే ఇబ్బంది అదే. కావున వేళ మార్చవలసి వస్తే కార్యదర్శులు వారం ముందే సభ్యులకు తెలియజేయాలి. సభ్యులు రోజుకు కొంచెం కొంచెంగా పితికే వేళను జరుపుకోవాలి. రెండు పూటల నడుమ వీలైనంతవరకు పన్నెండు గంటల ఎడం ఉండేటట్లు చూసుకోవాలి. వేళ తప్పని చేతికే గేదె నిండుగా పాలిస్తుంది.