ఆదివారం ఆరాధన శుక్రవారానికి మారినప్పుడు

క్రైస్తవుల ఆరాధన దినం ఆదివారమని మీకు తెలుసు. కాని కువైట్‌లో అది పనిదినం. వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు. అందువల్ల అక్కడి తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఎక్కువగా శుక్రవారమే చర్చికి వెళతాయి. చర్చి ప్రాంగణాలు కొద్ది. ఒకే హాలును మలయాళీలు, తమిళులు, తెలుగువారు వంతులవారీగా వాడుకోవాలి కాబట్టి ప్రసంగం సాగదీయడం కుదరదు (మన పాస్టర్లకు ఇది కష్టమే). క్రిస్మస్‌కు ప్రభుత్వ సెలవు లేదు.

ఇక్కడొక తేడా గమనించండి. భార్యాభర్తలు సొంత గదిలో కాపురముంటే కలిసి ఆరాధనకు వెళ్లగలరు. భర్త డ్రైవరుగా, భార్య యజమాని ఇంట్లోనే ఉండే పనిమనిషిగా పనిచేస్తుంటే? 2015 నాటి చట్టం ఇంటిపనివారికి వారానికొక సెలవు కల్పించింది. అయితే శుక్రవారం యజమాని ఇంటికి బంధువులు భోజనానికి వచ్చే రోజు. ఆమెకు పని పెరిగేది అప్పుడే. అలాంటప్పుడు ఆమె వంటగదిలో ఫోన్ పెట్టుకొని, గిన్నెలు తోముతూ ఆరాధన వింటుంది.