మూడున్నర గంటల దారి

లండన్ హీత్రూ నుంచి న్యూయార్క్ కెనడీ విమానాశ్రయానికి దాదాపు 5,540 కిలోమీటర్లు. ఈ దారిలో ప్రయాణ సమయం ఒకప్పుడు మూడున్నర గంటలకు దిగి, మళ్లీ ఏడెనిమిది గంటలకు ఎక్కి కూర్చుంది. కొత్త యంత్రం వచ్చి పని త్వరగా ముగించడం మామూలే. ఇక్కడ లెక్క వెనక్కి నడిచింది.

బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి తయారుచేసిన కాంకార్డ్ 1969 మార్చి 2న తులూజ్‌లో తొలిసారి గాల్లోకి లేచింది. 1976 జనవరి 21 నుంచి ప్రయాణికులను మోసింది. ధ్వనికి రెట్టింపు వేగం, 18 కిలోమీటర్ల ఎత్తు. లండన్‌లో ఉదయం పదిన్నరకు బయల్దేరినవాళ్లు న్యూయార్క్‌లో దిగేసరికి అక్కడ తొమ్మిదిన్నర కూడా అయ్యేది కాదు.

ఆ వేగానికి ముందున్న గాలి పక్కకు తప్పుకునే వ్యవధి లేక నొక్కుకుపోయి వేడెక్కుతుంది. బయట గడ్డకట్టే చలి ఉన్నా విమానం ముక్కు 127 డిగ్రీలకు కాగేది. 62 మీటర్ల ఒళ్లు ఇంచుమించు జానెడు సాగేది. కాక్‌పిట్‌లో ఫ్లైట్ ఇంజినీరు పక్కన, మీటర్ల బోర్డుకీ గోడకీ మధ్య చెయ్యి పట్టేంత సందు పడేది. చివరి ప్రయాణాల్లో కొందరు ఇంజినీర్లు తమ టోపీలను ఆ సందులో పెట్టారు. విమానం చల్లారాక అవి అక్కడే ఇరుక్కుపోయాయి.

ఇంజిన్లకైతే అంత వేగంగా వచ్చే గాలి మింగుడుపడదు. అందుకే వాటి ముందున్న కదిలే పలకలు గాలి జోరును ధ్వని వేగంలో సగానికి తగ్గించి లోపలికి పంపేవి. ధ్వనిని దాటేటప్పుడు రెక్కల మీది లేపుడు బలం వెనక్కి జరిగి, ముక్కు కిందికి వాలబోయేది. అప్పుడు ముందు ట్యాంకుల్లోని ఇంధనాన్ని తోకవైపు తోడేవారు. వేగం తగ్గాక మళ్లీ ముందుకు తోడేవారు.

ఇంత తెలివైన విమానానికి ఖర్చే గుదిబండ. నిండా పోస్తే 95 టన్నుల ఇంధనం, సీట్లు చూస్తే నూరు. తలకు టన్ను! పైగా ధ్వనిని దాటితే దారి పొడవునా కింద పిడుగు పడ్డట్టు మోత. నేల మీదుగా ఆ వేగం కూడదని చాలా దేశాలు అడ్డుపడ్డాయి, మన దేశం కూడా. మొదట్లో రెండు కాంకార్డ్‌లు కొంటామని పేరు రాయించుకున్న ఎయిర్ ఇండియా తర్వాత వద్దనుకుంది. మిగిలింది సముద్రం, అందులోనూ డబ్బున్నవాళ్లు తిరిగే అట్లాంటిక్. ప్రయాణికులను మోసినవి 14 విమానాలే. 2000 జులై 25న పారిస్ దగ్గర ఒకటి కూలి 113 మంది చనిపోయారు. 2003లో మిగిలినవాటినీ ఆపేశారు.

న్యూయార్క్ నుంచి లండన్‌కు కాంకార్డ్ రికార్డు 2 గంటల 52 నిమిషాల 59 సెకన్లు, 1996 ఫిబ్రవరి 7న. 2020 ఫిబ్రవరిలో ఒక మామూలు బోయింగ్ 747 అదే దారిని 4 గంటల 56 నిమిషాల్లో ముగించింది. నేలతో పోలిస్తే దాని వేగం ఒక దశలో గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. అయినా ధ్వనిని మించినట్టు కాదు. వెనక నుంచి తుఫాను గాలి దాన్ని మోసుకుపోయింది. చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే ఎప్పటి వేగమే.