అడవి మొక్కను పెరటికి తేవచ్చునా? నిర్ణయానికి ముందు పరిశీలించవలసిన అంశాలు

తొలకరి తరువాత అడవి అంచులలోను, పొలాల కంచెల వెంబడి అడవినాభి తీగ పైకి లేస్తుంది. ఆకుల కొనలే నులితీగలుగా మారి పక్కనున్న పొదను పట్టుకొంటాయి. పసుపుపచ్చగా విచ్చుకొని క్రమంగా ఎరుపెక్కే రేకుల వలన దీనిని అగ్నిశిఖ అని కూడా అంటారు. ఇటువంటి మొక్కను తవ్వి తెచ్చి పెరటిలో నాటుకోవాలనుకోవడం సహజమే. అయితే అది పెరటిలో బతుకుతుందా అని మాత్రమే ఆలోచిస్తే చాలదు. తీసిన చోట ఏమి మిగులుతుంది, నాటిన చోటి నుంచి ఎక్కడికి పాకుతుంది, ఇంటివారికి హాని చేస్తుందా అన్నవి కూడా పరిశీలించాలి.

తీసే చోటు: అడవినాభి దుంప పెళుసుగా ఉంటుంది. మొలక కన్ను దుంప కొనలో ఉంటుంది కనుక తవ్వేటప్పుడు కొన విరిగితే అది మొలకెత్తదు. విత్తనం నుంచి పెరిగిన మొక్క పూతకు రావడానికి కొన్నేళ్లు పడుతుంది. అందువలన ఒక దుంపను తవ్వితే ఆ చోటు చాలాకాలం ఖాళీగానే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ తూర్పు కనుమలకే పరిమితమైన సైకస్ బెడ్డోమీ విషయంలో నష్టం మరింత ఎక్కువ. దీనిలో ఆడ, మగ మొక్కలు వేరు. పెరుగుదల చాలా నెమ్మది. పెరటికి చేరిన ఒంటరి మొక్క విత్తనం కట్టదు, కొండపై ఒక జత తగ్గుతుంది. ఈ మొక్కకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పించింది. ఇతర మొక్కలనైనా రిజర్వు అడవి నుంచి అనుమతి లేకుండా తీసుకుపోవడం నేరమే.

నాటే చోటు: అడవినాభికి నీరు నిలవని నేల, పాకడానికి ఆధారం కావాలి. పూత, కాయ ముగిశాక తీగ ఎండి, దుంప నేలలో నిద్రావస్థలో ఉంటుంది. మొక్క చనిపోయిందని తవ్వినా, బతికించాలని రోజూ నీరు పోసినా దుంప పాడవుతుంది.

వ్యాప్తి: నేడు మన అడవులను ఆక్రమించిన లాంటానా 19వ శతాబ్ది ఆరంభంలో అలంకరణ మొక్కగానే కలకత్తా వృక్షశాస్త్ర ఉద్యానవనానికి చేరింది. పక్షులు దాని పండ్లు తిని విత్తనాలను దూరప్రాంతాలకు చేర్చాయి. మన నేలపై సహజంగా పెరిగే అడవినాభి కూడా తోటల ద్వారా ఆస్ట్రేలియాకు చేరి, అక్కడి తూర్పు తీరపు ఇసుక దిబ్బలపై కలుపు మొక్కగా మారింది. కనుక ఒక మొక్క స్వస్థలంలో అదుపులో ఉన్నంత మాత్రాన మరొక చోట కూడా అలాగే ఉంటుందని భావించరాదు. పక్షులు తినే పండ్లు, గాలికి ఎగిరే విత్తనాలు, ముక్క నుంచి మొలిచే కాండం ఉన్న మొక్కల విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

విషగుణం: అడవినాభిలోని అన్ని భాగాలలో కాల్చిసిన్ అనే విషపదార్థం ఉంటుంది. దుంపను చిలగడదుంపగానో, మరేదైనా తినే దుంపగానో పొరబడి తిన్నవారు ప్రాణాలు కోల్పోయిన సందర్భాలు ఉన్నాయి. ఉడికించినా విషం పోదు. తిన్న కొన్ని గంటలకు వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. తరువాత అవయవాలు దెబ్బతింటాయి. అనుమానం కలిగిన వెంటనే, లక్షణాల కోసం వేచి ఉండకుండా రోగిని ఆసుపత్రికి చేర్చాలి.

సలహా: చిన్నపిల్లలు, మేకలు తిరిగే పెరటిలో అడవినాభిని నాటకపోవడమే మంచిది. కంచె ఉన్న చోట పెంచదలచినవారు అడవి నుంచి తవ్వకుండా, సాగులో పెంచిన దుంపలనే తెచ్చుకోవాలి. తమిళనాడులో కరూరు, దిండిగల్ ప్రాంతాల రైతులు ఔషధ పరిశ్రమకు అవసరమైన విత్తనం కోసం దీనిని సాగు చేస్తున్నారు. దుంపలను చేతి తొడుగులతో పట్టుకోవాలి, వంటింటి దుంపలకు దూరంగా నిల్వ చేయాలి. నాటిన చోట పేరు రాసిన పలక ఉంచితే, తీగ ఎండిన తరువాత కూడా దుంప ఎక్కడ ఉన్నదో ఇంటివారికి తెలుస్తుంది. పై ప్రశ్నలలో ఏ ఒక్కదానికి సంతృప్తికరమైన సమాధానం దొరకకపోయినా, ఆ మొక్కను ఉన్న చోటనే వదిలి, ఏటా పూతకాలంలో అక్కడికే వెళ్లి చూడడం ఉత్తమం.